ఆ తేడా నిజమేనా?

బోరబండవాళ్లకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పొరుగునే ఉన్నట్టు లెక్క. దగ్గు ఎన్నాళ్లకీ తగ్గకపోయినా, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతున్నా, మనిషి చిక్కిపోతున్నా ముందు గుర్తొచ్చేది ఆ ఆసుపత్రే. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనదేశంలోనే ఉన్నారు. అది క్షయ అవునో కాదో తేల్చడానికి డాక్టర్లు మొట్టమొదట అడిగేది తెమడ.

పెద్దవాళ్లయితే గట్టిగా దగ్గి తెమడ తీసివ్వగలరు. మరి మూడేళ్ల పిల్లాడు? వాడు మింగేస్తాడు. ఎముకకో, మెదడు పొరకో పట్టిన క్షయ తెమడలో కనిపించకపోవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల తెమడలో క్రిములు తక్కువగా ఉండి, పరీక్షకు అందకుండా పోతుంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఇంకో దారి వెతుకుతున్నారు. క్రిమి మన కంటికి దొరక్కపోతే పోనీ, అది లోపల చేరిందని ఒంటికి తెలుసు కదా! దానితో పోరాడటానికి రక్తంలోని కణాలు కొన్ని జన్యువులను ఎక్కువగా, కొన్నిటిని తక్కువగా పనిచేయిస్తాయి. ఆ మార్పును ఒక్క రక్తపు బొట్టులో పట్టుకోగలిగితే చాలు.

వినడానికి సులువుగానే ఉంది. రోగుల రక్తం ఒకవైపు, రోగం లేనివాళ్ల రక్తం ఒకవైపు పెట్టి, ఏ జన్యువుల పనిలో తేడా ఉందో చూడటమే. చిక్కంతా ఆ తర్వాత వచ్చే ప్రశ్న దగ్గరుంది. కనిపించిన తేడా నిజమైనదా, గాలివాటంగా వచ్చిందా?

ఇంటింటికీ ఒక మీటరు

ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే జన్యువులు మనిషిలో దాదాపు 20 వేలు. గుండె కణమైనా, కాలేయ కణమైనా వాటిలో ఉండేవి అవే జన్యువులు. అయినా గుండె గుండెలా, కాలేయం కాలేయంలా ఉన్నాయంటే కారణం, ఏ జన్యువు ఎంత పనిచేస్తుందన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉండటమే. పనిచేస్తున్న జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు తయారవుతాయి. నకళ్లు ఎన్ని ఎక్కువుంటే ఆ జన్యువు అంత ఎక్కువ పనిచేస్తున్నట్టు. వాటిని లెక్కబెట్టడం అచ్చంగా కరెంటు మీటరు చూడటం లాంటిదే.

కాబట్టి మీటర్లతోనే చూద్దాం. బోరబండలో ఒక గల్లీ నుంచి ఆరు ఇళ్లు, పక్క గల్లీ నుంచి ఆరు ఇళ్లు తీసుకున్నారనుకోండి. అంకెలు ఊహించినవే. మొదటి గల్లీలో నెలకు 150, 180, 190, 200, 220, 320 యూనిట్లు కాలాయి. సగటు 210. రెండో గల్లీలో 120, 140, 160, 180, 200, 220. సగటు 170. ఇంటికి 40 యూనిట్ల తేడా! ‘మొదటి గల్లీవాళ్లు కరెంటు ఎక్కువ కాలుస్తారు’ అని చెప్పేయొచ్చా?

తొందరపడకూడదు. ఆ 320 యూనిట్ల ఇంటిని ఒక్కసారి పక్కన పెట్టి చూడండి. మిగతా అయిదిళ్ల సగటు 188కి దిగుతుంది. తేడా 18 యూనిట్లే మిగులుతుంది. ఆ ఇంట్లో ఆ నెల పెళ్లి జరిగిందేమో! ఒక్క ఇంటి సందడి గల్లీ మొత్తం లక్షణంగా కనిపించిందన్నమాట.

చీటీలు కలిపి పంచితే

దీన్ని తేల్చడానికి ఇంట్లోనే చేసి చూడగల ఉపాయం ఒకటుంది. ఆ పన్నెండు అంకెలను పన్నెండు చీటీల మీద రాసి ఒక గిన్నెలో వేసి కలపాలి. ఏ చీటీ ఏ గల్లీదో మర్చిపోవాలి. కళ్లు మూసుకుని ఆరు చీటీలు తీసి ఒక కుప్ప, మిగిలిన ఆరు ఇంకో కుప్ప. ఇప్పుడు సగటుల మధ్య తేడా ఎంతో చూడాలి. ఇలా పన్నెండు చీటీలను ఆరేసి చొప్పున పంచడానికి మొత్తం 924 మార్గాలున్నాయి. ఆ 924 పంపకాలనూ లెక్కించి చూస్తే, అటో ఇటో 40 యూనిట్లు, అంతకంటే ఎక్కువ తేడా వచ్చేవి 202. అంటే గల్లీతో సంబంధమే లేకుండా, ఉత్తినే కలిపి పంచినా అయిదింట ఒకసారికి పైగా అంత తేడా వస్తోంది! ఇక ఆ 40 యూనిట్లను నమ్ముకుని గల్లీవాళ్ల మీద ఏం తీర్పు చెబుతారు?

ఇప్పుడు అంకెలు మార్చండి. మొదటి గల్లీలో 205, 207, 209, 211, 213, 215. రెండో గల్లీలో 165, 167, 169, 171, 173, 175. సగటులు మళ్లీ 210, 170. తేడా మళ్లీ అదే 40. కానీ ఈసారి 924 పంపకాల్లో అంత తేడా వచ్చేవి రెండే రెండు. ఒకటి అసలు పంపకం, రెండోది దాన్ని తలకిందులు చేసింది. ఇలాంటి తేడాను గాలివాటమనడం కష్టం.

సగటు తేడా రెండుచోట్లా ఒకటే. తీర్పు మాత్రం వేరు. ఎందుకంటే గుంపుకీ గుంపుకీ మధ్య ఉన్న తేడాను, ఒకే గుంపులో మనిషికీ మనిషికీ ఉన్న తేడాతో తూచాలి. కలిపి పంచినప్పుడు అంత తేడా ఎన్నిసార్లు వస్తుందో చెప్పే ఆ పాలునే గణాంక శాస్త్రజ్ఞులు ‘పి-విలువ’ అంటారు. అది నూటికి అయిదుకన్నా తక్కువుంటే తేడాను లెక్కలోకి తీసుకోవడం వాడుక. ఆ అయిదు ప్రకృతి గీసిన గీత కాదు. బ్రిటన్‌కు చెందిన ఆర్.ఎ. ఫిషర్ గత శతాబ్దపు 1920లలో ప్రచారంలోకి తెచ్చాక అలా స్థిరపడిపోయింది.

ఇంకో సంగతి. గల్లీకి మూడేసి ఇళ్లే తీసుకుంటే ఆరు చీటీలను పంచే మార్గాలు 20 మాత్రమే. మొదటి గల్లీలోని మూడిళ్లూ రెండో గల్లీలోని మూడిళ్లకన్నా ఎక్కువే కాల్చినా, పి-విలువ నూటికి పదికన్నా కిందికి దిగదు. ముగ్గురు రోగులనూ, ముగ్గురు ఆరోగ్యవంతులనూ పోల్చి చెప్పే కబుర్లు ఎందుకు తొందరపాటు కబుర్లో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగువాడి లెక్క

గుంపుల మధ్య తేడాలను తూచే ఈ విద్యతో ఒక తెలుగువాడి పేరు విడదీయరానంతగా ముడిపడి ఉంది. బోరబండ స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లిదాకా వెళ్తే ఆ చుట్టుపక్కలే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. దాని ప్రాంగణంలో 2007లో గణితం, గణాంక శాస్త్రం, కంప్యూటర్ సైన్సుల కోసం ఒక సంస్థ ఏర్పడింది. దానికి పెట్టిన పేరు సి.ఆర్. రావు. పూర్తిపేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం, ఆ తర్వాత కలకత్తాలో గణాంక శాస్త్రం చదివారు. పాతికేళ్ల వయసులో, 1945లో ఆయన రాసిన పరిశోధనా పత్రంలోని ఫలితాలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరుతోనే ఉన్నాయి.

1946లో రావుగారు ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని ఎముకలు కొలవడం! సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో బయటపడిన ప్రాచీనుల అస్థిపంజరాలవి. ఆ మనుషులు ఇతర జాతులవాళ్లకు ఎంత దగ్గర, ఎంత దూరం అన్నది కొలతలనుబట్టి తేల్చాలి. ఒక్క కొలత చూసి తీర్పు చెప్పకుండా, ఎన్నో కొలతలను ఒకేసారి లెక్కలోకి తీసుకోవడం ఎలాగో ఆయన చూపించారు. ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ పొందారు. అదే ఏడాది ఆయన ప్రతిపాదించిన ‘స్కోర్ పరీక్ష’ను జన్యువులకూ జబ్బులకూ సంబంధం వెతికే పరిశోధనల్లో ఇప్పటికీ వాడుతున్నారు. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి ఆయనను వరించింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

అప్పుడు ఎముకల కొలతలు. ఇప్పుడు జన్యువుల మీటర్లు. అడిగే ప్రశ్న మారలేదు. కాకపోతే కొలతల సంఖ్య పదుల నుంచి వేలకు పెరిగింది. అక్కడే కొత్త తలనొప్పి మొదలైంది.

బియ్యంలో రాళ్లు

నూటికి అయిదు అనే గీతను ఒక్క జన్యువుకు గీస్తే బాగానే ఉంటుంది. 20 వేల జన్యువులకూ గీస్తే? ఏ జన్యువులోనూ నిజమైన తేడా లేకపోయినా, ఉత్త గాలివాటంగానే దాదాపు వెయ్యి జన్యువులు గీత దాటేస్తాయి. 1,200 జన్యువుల్లో తేడా కనిపించిందని ఎవరైనా సంబరపడితే, అందులో చాలా భాగం ఉత్తుత్తివే కావచ్చు.

1995లో ఇజ్రాయెల్‌కు చెందిన యోవ్ బెంజమినీ, యోసెఫ్ హోష్‌బెర్గ్ దీనికి ఒక తోవ చూపారు. ఇంట్లో బియ్యం ఏరే ఇల్లాలి పద్ధతే అది. ఒక్క రాయి కూడా రాకూడదని పంతం పడితే చేటలోని బియ్యమంతా పారబోసుకోవాలి. అసలు ఏరకపోతే పంటి కింద రాళ్లే. అందుకని ‘ఏరి పెట్టిన జాబితాలో సగటున నూటికి అయిదుకు మించి రాళ్లు ఉండకూడదు’ అన్న షరతు పెట్టుకుని, దానికి తగ్గట్టు గీతను కిందికి దించుతారు. ఇప్పుడు జన్యువుల జాబితా ఏది అచ్చయినా ఈ జల్లెడ పట్టారా లేదా అన్నదే మొదట చూస్తారు.

సరిగ్గా చేస్తే ఈ విద్య ఎంత పనికొస్తుందో 1999లో తెలిసింది. అమెరికాలో టాడ్ గోలబ్, ఆయన సహచరులు రక్తక్యాన్సర్ రోగులు 38 మంది ఎముక మజ్జను పరీక్షించారు. 27 మందిది ఒక రకం, 11 మందిది ఇంకో రకం. రెండిటికీ చికిత్స వేరు. 6,817 జన్యువుల పనిని కొలిచి, చీటీలు కలిపి పంచే పద్ధతిలోనే రోగుల పేర్లను తారుమారు చేసి చూశారు. దాదాపు 1,100 జన్యువుల్లో కనిపించిన తేడా గాలివాటంగా రావాల్సిన దానికన్నా ఎక్కువని తేలింది. అందులోంచి 50 జన్యువులను ఎంచుకుని, అవి కొత్త రోగుల్లో కూడా రెండు రకాలను వేరుచేయగలవా అని మరో 34 నమూనాల మీద పరీక్షించారు. వాటిలో ఎక్కువ భాగానికి సరైన జవాబే వచ్చింది. కొత్తవాళ్ల మీద మళ్లీ పరీక్షించడమే ఆ పనికి ప్రాణం.

మే నెల మీటరు, డిసెంబరు మీటరు

లెక్క ఎంత బాగా చేసినా, కొలిచిన తీరులో లోపముంటే ఫలితం తప్పుదారి పడుతుంది. ఒక గల్లీ మీటర్లు మే నెలలో, పక్క గల్లీవి డిసెంబరులో చూశారనుకోండి. కూలర్లు, ఫ్యాన్లు తిరిగే నెలకూ, దుప్పట్లు కప్పుకునే నెలకూ తేడా రాకుండా ఎలా ఉంటుంది? పి-విలువ అద్భుతంగా వస్తుంది. కానీ ఆ తేడా గల్లీది కాదు, నెలది.

ఇది నిజంగానే జరిగింది. యూరప్ మూలాలున్నవారికీ, ఆసియావారికీ 4,197 జన్యువులను పోలిస్తే 1,097 జన్యువుల పనిలో తేడా ఉందని 2007లో ఒక అమెరికన్ బృందం ప్రకటించింది. అదే ఏడాది వేరే శాస్త్రజ్ఞులు వివరాలు తిరగేశారు. యూరప్‌వాళ్ల నమూనాలను ఎక్కువగా 2003, 2004లలో, ఆసియావాళ్లవి ఆ తర్వాతి రెండేళ్లలో కొలిచారు. ఇక ఏది మనుషుల తేడానో, ఏది కొలిచిన ఏడాది తేడానో విడదీసేదెలా? రెండు గుంపుల నమూనాలనూ ప్రతి రోజూ కలగలిపి కొలిచి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు.

వరస జారితే...

ఇదంతా లెక్కల మాస్టార్ల కీచులాట అనుకుంటే పొరపాటే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ఒక ఆశ పుట్టించే పద్ధతి ప్రకటించారు. క్యాన్సర్ గడ్డలోని జన్యువుల పనితీరు చూసి, ఆ రోగికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పేస్తామన్నారు. ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ రోగులకు ఆ జోస్యం ప్రకారం మందు ఎంచే ప్రయోగాలు కూడా మొదలయ్యాయి.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో పనిచేసే గణాంక నిపుణులు కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ ఆ లెక్కను మళ్లీ చేయబోయారు. రాలేదు. నెలల తరబడి తవ్వితే బయటపడినవి చూసి నివ్వెరపోయారు. కంప్యూటర్ పట్టికలో ఒక వరస కిందికి జారి, ఒక జన్యువు పేరు పక్కన ఇంకో జన్యువు అంకె చేరింది. కొన్నిచోట్ల ‘మందు పనిచేసే గుంపు’, ‘పనిచేయని గుంపు’ అనే పేర్లే తారుమారయ్యాయి. అంటే రోగికి పనిచేయని మందునే పనిచేస్తుందని సూచించే ప్రమాదం! 2009లో వాళ్లు ఈ సంగతులు అచ్చు వేశారు. 2010లో ప్రయోగాలు ఆగిపోయాయి. 2011లో పరిశోధనా పత్రం వెనక్కి తీసుకున్నారు. అసలు వివరాల్లోనే మోసం జరిగిందని 2015లో అమెరికా ప్రభుత్వ విచారణ విభాగం తేల్చింది. అప్పటికే వందమందికి పైగా రోగులు ఆ ప్రయోగాల్లో చేరి ఉన్నారు.

ఇప్పుడు ఈ పరీక్షలు చేసే ప్రోగ్రాములు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో ‘ఆర్’ భాష నేర్చుకున్న కుర్రాడు కూడా 20 వేల జన్యువులకు పి-విలువలు నిమిషాల్లో తీయగలడు. బటన్ నొక్కడం సులువైపోయింది. ఏ నమూనా ఎవరిదో, ఎప్పుడు కొలిచారో, పట్టికలో వరస జారిందో లేదో చూడటం మాత్రం ఇంకా మనిషి పనే.

మళ్లీ క్షయ దగ్గరికి

మరి క్షయ సంగతేమైంది? 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల రక్తంతో చేసిన పరిశోధనలో 393 జన్యు నకళ్లలో తేడా దొరికింది. అయితే పరిశోధకులు అక్కడితో ఆగలేదు. రోగులను ఆరోగ్యవంతులతో మాత్రమే పోలిస్తే దొరికేది క్షయ గుర్తు కాకపోవచ్చు, కేవలం ‘ఒంట్లో బాగాలేదు’ అనే గుర్తు కావచ్చు. డాక్టరు దగ్గరికి దగ్గుతూ వచ్చేవాళ్లలో ఆరోగ్యవంతులెవరుంటారు? అందుకే ఇతర జబ్బులవాళ్లతోనూ పోల్చి, క్షయకు ప్రత్యేకమైన 86 నకళ్లను వేరుచేశారు. 2016లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు అనేక దేశాల సమాచారాన్ని గుదిగుచ్చి ఆ జాబితాను మూడే మూడు జన్యువులకు కుదించారు. వాటి ఆధారంగా వేలి రక్తపు బొట్టుతో చేసే పరీక్ష నమూనాను వివిధ దేశాల్లో రోగుల మీద పరీక్షించి చూశారు. వేల జన్యువుల నుంచి మూడింటికి రావడం వెనక ఉన్నది ఇందాకటి చీటీల లెక్కే, బియ్యం జల్లెడే.

కాబట్టి ‘ఫలానా జబ్బుకు జన్యువు దొరికింది’ అని పేపర్లోనో, టీవీలోనో వచ్చినప్పుడు, లేదా ఎవరైనా జన్యు పరీక్ష ప్యాకేజీ అమ్మజూపినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. ఎంతమందిని పోల్చారు? ఎన్ని జన్యువుల్లోంచి దీన్ని ఏరారు? రెండు గుంపులనూ ఒకే తీరుగా కొలిచారా? వేరే ఊళ్లో, వేరేవాళ్ల మీద పరీక్షిస్తే మళ్లీ అదే ఫలితం వచ్చిందా? నాలుగో ప్రశ్నకు జవాబు లేకపోతే డబ్బు జేబులోంచి తీయకపోవడమే మంచిది.

అంతవరకూ క్షయ నిర్ధారణకు తెమడ పరీక్షే ముఖ్యమైన ఆధారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా, మందులూ రెండూ ఉచితం. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా వెళ్లి చూపించుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లాలి.